ఒక చెరువు, మూడు కార్తీకాలు

విశాఖపట్నం, దుర్గ్ మధ్య వందే భారత్ రైలు 2024 సెప్టెంబరులో మొదలైంది. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా ఎనిమిది గంటల ప్రయాణం. రైలు కొత్తదే గానీ ఈ దారి మన ఉత్తరాంధ్రకు పాతదే. దుర్గ్ పక్కనే ఉన్న భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో పునాదులు తవ్వడానికి, ఇటుకలు మోయడానికి, కొలిమి దగ్గర నిలబడడానికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం బయల్దేరి వచ్చారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతున్నారు. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి నడిపే బాలాజీ గుడి వాళ్లందరికీ కూడలి.

నేను వెళ్లింది సెక్టార్లకు కాదు, సుపేలాకు. హౌరా-ముంబై రైలు మార్గం భిలాయ్‌ని రెండుగా చీలుస్తుంది. దక్షిణాన కర్మాగారం కట్టిన క్వార్టర్లు, బారులు తీరిన చెట్లు, సెక్టార్లు ఉంటాయి. ఉత్తరాన జీఈ రోడ్డు వెంట సుపేలా, కోహకా లాంటి పాత ఊళ్లు, వాటి చుట్టూ ఎవరి డబ్బుతో వాళ్లు కట్టుకున్న బస్తీలు ఉంటాయి. నగరపాలక సంస్థ ఆఫీసు సుపేలాలోనే ఉంది. ఆదివారం సంత కూడా ఇక్కడే. ఆ రోజు కూరగాయల దగ్గర్నుంచి పాత ఇనుము దాకా దొరకనిది లేదు. ఆ రద్దీకి నాలుగు సందుల అవతల, మా బంధువుల ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చెరువును చూడాలని కార్తీకంలో బయల్దేరాను.

తెల్లవారుజామున చలి బాగానే ఉంది. చెరువుకు మూడు వైపులా ఇళ్లు, ఒక వైపు రోడ్డు. గట్టు మీద రావిచెట్టు, దాని కింద శీతలమ్మ. ఛఠ్ పూజ అయి కొద్ది రోజులే అయింది. మెట్ల మీద బిహారీలు కట్టుకున్న చిన్న మట్టి తిన్నెలు వరుసగా ఉన్నాయి. వాటి మీద సున్నం, పసుపు ఇంకా చెక్కుచెదరలేదు. ఒక మూల చెరకుగడలు కుప్పగా పడి ఉన్నాయి. వాటి పక్కనే దీపావళి మర్నాడు నిమజ్జనం చేసిన గౌరా-గౌరీ బొమ్మల తాలూకు గడ్డి తేలుతోంది.

ఇక్కడివాళ్లు చెరువును తరియా అంటారు, గట్టును పార్, స్నానాల మెట్లను పచరి అంటారు. ఊరి జనం స్నానానికి, బట్టలకు, పశువులకు వాడుకునే చెరువు నిస్తారీ చెరువు. ఆ హక్కు వాడుకలోనే కాదు, కాగితం మీద కూడా ఉంది. 1959 నాటి మధ్యప్రదేశ్ భూ రెవిన్యూ నియమావళి ప్రకారం ప్రతి ఊరికీ నిస్తార్ పత్రక్, వాజిబ్-ఉల్-అర్జ్ అనే దస్త్రాలు ఉండాలి. ఏ నీళ్లు ఎవరు వాడుకోవచ్చు, ఏ దారిన నడవవచ్చు, ఎక్కడ చేపలు పట్టవచ్చు అన్నవి వాటిలో రాసి ఉంటాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయాక కూడా ఆ నియమావళే కొనసాగుతోంది.

రావిచెట్టు కింద కూర్చున్న పెద్దాయనను అందరూ కాకా అని పిలుస్తున్నారు. ఛత్తీస్‌గఢీ రైతు కుటుంబం. ఫ్యాక్టరీ రాకముందు సంగతులు చిన్నతనపు జ్ఞాపకాలుగా చెప్పుకొచ్చాడు. జేఠ్ నెలలో నీళ్లు అడుగంటగానే ఇంటికొకరు పలుగూ తట్టా పట్టుకుని దిగేవారట. తీసిన ఒండ్రు ఎవరి మడికి వాళ్లు తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు. మన వైపు కుడిమరామత్తు పేరుతో సాగిన ఏర్పాటూ ఇలాంటిదే. కొత్తగా తవ్విన చెరువు నడుమ కొయ్య స్తంభం నాటి దానికి పెళ్లి చేసే ఆచారం గురించి కూడా ఆయనే చెప్పాడు. పెళ్లి కానిదే ఆ నీళ్లు పూజకు పనికిరావు. ఆ స్తంభమే తరవాత నీటిమట్టం కొలిచే గుర్తు అవుతుంది.

"ఇప్పుడు మట్టి ఎవరు తీస్తారు కాకా?" అని అడిగాను.

"మడి ఉంటే కదా మట్టి కావాలి" అన్నాడాయన.

జవాబు చిన్నదే గానీ అసలు చిక్కు అందులోనే ఉంది. బాలోద్ దగ్గర 1921లో పూర్తయిన తాండులా జలాశయం నీళ్లు కాలువల్లో మరోదా చెరువులకు చేరి, అక్కడి నుంచి కర్మాగారానికీ సెక్టార్లకూ అందుతాయి. రైలు మార్గానికి ఇవతల బావులు, చెరువులు, చేతిపంపులతో చాలాకాలం గడిచాక కుళాయిలు వచ్చాయి. పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. స్నానం ఇంట్లోకి, బట్టలు మిషన్‌లోకి వెళ్లిపోయాయి. చెరువుతో రోజూ పని ఉన్నవాడికే దాని గట్టు తెగితే బాధ. ఆ పని పోయాక మిగిలేది ఖాళీ జాగా. ఖాళీ జాగా మీద కన్నేసేవాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు.

మరి ఈ చెరువు పూడిపోకుండా ఎలా నిలిచింది? నాకు తోచిన సమాధానం పండగలు. అందులోనూ కార్తీకం.

ఛత్తీస్‌గఢ్ ఆడపిల్లలకు కార్తీకమంటే నెల పొడుగునా చీకటితోనే చెరువు స్నానం. వాళ్ల లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది. బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లకు దీపావళి తరవాతి షష్ఠి నాటి సాయంత్రం అస్తమించే సూర్యుడికి, మర్నాటి ఉదయం ఉదయించే సూర్యుడికి అర్ఘ్యం. మనకు అమావాస్య మర్నాడు నెల మొదలై మళ్లీ అమావాస్యతో ముగుస్తుంది. కాబట్టి వాళ్ల కార్తీకం ముగిసే పున్నమికి మన కార్తీకం సగంలో ఉంటుంది. ఆఖరున పోలి పాడ్యమి నాడు అరటిదొప్పల్లో దీపాలు వదిలేదాకా మన ఆడవాళ్లు వస్తూనే ఉంటారు. పంచాంగాల తేడా పుణ్యమా అని చెరువు దగ్గర దాదాపు నెలన్నర పాటు జనం మెదులుతూనే ఉంటారు. శ్రావణ పున్నమి మర్నాడు భోజలీ మొలకల నిమజ్జనం, నవరాత్రులకు జవారా మొలకల నిమజ్జనం, ఎవరైనా పోతే పదో రోజు స్నానం కూడా కలుపుకోండి. ఏ రెండు నెలలూ ఈ నీటికి పని లేకుండా పోవు.

కమర్‌ఛఠ్ సంగతి మరీ ఆసక్తికరం. ఛత్తీస్‌గఢీల లెక్కలో భాద్రపదంలో పిల్లల క్షేమం కోసం తల్లులు చేసే నోము అది. ఆ రోజు నాగలి తాకిన నేల మీద పండింది తినకూడదు. అందుకని చెరువుల్లో తనంతట తాను మొలిచే పసహర్ బియ్యం వండుకుంటారు. మామూలు బియ్యం కంటే కొన్ని రెట్ల ధర పెట్టి సంతలో కొంటారు. దగ్గర్లో చెరువు లేని వాడల్లో సగరీ అని చిన్న గుంట తవ్వి, నీళ్లు పోసి, దాని చుట్టూ చేరి కథ చెప్పుకుంటారు. చెరువు లేకపోతే చెరువును తయారు చేసుకునే నోము ఇది.

పండగ చెరువును కాపాడుతుంది, మురికి కూడా చేస్తుంది. ఈ రెండో మాట నాకు చెప్పింది చేపల లీజు ఉన్న కేవట్ కుర్రాడు. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి. మూడూ కలిపి వేస్తే నీళ్లంతా వాడుకలో ఉన్నట్టే. కానీ పువ్వులు, పిండి, సబ్బునురగ, బొమ్మల రంగులు కలిసి కుళ్లితే గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి. పగలు ఆకుపచ్చగా బాగానే కనిపిస్తుంది. రాత్రంతా నాచు, కుళ్లు, చేపలు కలిసి నీటిలోని ప్రాణవాయువును తాగేస్తాయి. "సూర్యుడు రాకముందు చేపలు నోళ్లు పైకెత్తాయంటే నాకు ఆ ఏడు నష్టమే" అన్నాడతను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంది. ఆ కాగితం గురించి ఇతనికి తెలియదు. చేప నోరు చూసి నీటి రోగం చెప్పడం మాత్రం తెలుసు.

ఇక మనవాళ్లు. మెట్ల మీద దీపం పెట్టుకుంటున్న పెద్దావిడ తెలుగు వినగానే ఆగింది. పలాస దగ్గర ఊరు, పెళ్లయి వచ్చి ఇక్కడే ముసలిదైంది.

"కార్తీకమాసం దీపమెట్టుకోడానికి సెరువు గావాల గదా నాయనా. మా ఊళ్లో బంద పూడిసీసి ఇళ్లు కట్టీసినారు. మా కోడలికి అక్కడ సెరువు లేదు, నాకిక్కడున్నాది" అంది.

"మరి శుభ్రం ఎవరు చేస్తారమ్మా?"

ఆమె మెట్టు దిగువన చీపురుతో ఊడుస్తున్న బిహారీ కోడలిని చూపించింది. "ఆల్లు పండక్కి ముందే వొచ్చి గట్టంతా కడిగి సున్నమేస్తారు. కాకా మనుసులు గుర్రపుడెక్క లాగుతారు. మనోల్లు..." అని నవ్వేసి ఊరుకుంది.

ఆ నవ్వును నేను తేలిగ్గా తీసుకోలేదు. ఛఠ్‌కు ముందు తమ మెట్టు తామే కడుక్కోవడం బిహారీలకు వ్రతంలో భాగం. ఛత్తీస్‌గఢీలకు ఇది తాతల నాటి చెరువు. మనవాళ్లు చీకటితో వచ్చి దీపం వదిలి, తెల్లవారేసరికి వెళ్లిపోతారు. అరటిదొప్ప కుళ్లిపోతుంది, పరవాలేదు. దొప్ప దొరక్క వాడే థర్మోకోల్ పళ్లెం, దాంతో వచ్చే ప్లాస్టిక్ సంచీ కుళ్లవు. వాటిని ఏరేది మళ్లీ పక్కింటి వాళ్లే. వాళ్లు ఇప్పటిదాకా ఎవరినీ నిలదీయలేదు. అంత మాత్రాన మన బాకీ తీరినట్టు కాదు.

పొరుగు చెరువును నిలబెట్టుకోవడం సాధ్యమేనా అనుకునేవాళ్లకు దుర్గ్ జిల్లాలోనే ధమ్‌ధా ఉంది. గోండు రాజుల కోట ఉన్న ఊరు. అక్కడ 'ఛై ఆగర్ ఛై కోరీ', అంటే ఆరిరవైల పైన ఆరు, 126 చెరువులుండేవని చెప్పుకుంటారు. పోయినవి ఎక్కడున్నాయో వెతికి, లెక్కగట్టి, పూడిపోయినవాటిని తిరిగి తవ్వించే పనిని ఆ ఊరివాళ్లే తలకెత్తుకున్నారు. చట్టం కూడా అండగా ఉంది. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఊరుమ్మడి చెరువుల్లో ఆక్రమణలు తొలగించి తిరిగి ఊరికి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఇళ్లు కట్టుకుని చాలా ఏళ్లయిందన్న సాకు చెల్లదని కూడా అంది.

సుపేలా చెరువును నిలబెడుతున్నది ఇరుగుపొరుగుల అవసరం. ముగ్గురికీ పంచాంగాలు వేరు, భాషలు వేరు, నీళ్లు ఒకటే. ఆ ముగ్గురిలో పనిలో వెనకబడ్డది మనమే అన్నది నేను చూసి తేల్చుకున్న మాట.

భిలాయ్‌లోని తెలుగు కుటుంబాలకు నా మనవి ఇది: ఈసారి పోలి పాడ్యమికి అరటిదొప్ప మాత్రమే తీసుకెళ్లండి, మర్నాడు పొద్దున ఇంటికొకరు చీపురు పట్టుకుని అదే మెట్టు దగ్గరికి రండి. శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు ఇంకో మాట: మీ ఊరి బంద రెవిన్యూ రికార్డుల్లో ఎన్ని సెంట్లుందో, నేల మీద ఎంత మిగిలిందో కనుక్కోండి. తేడా కనిపిస్తే తహసీల్దారుకు అర్జీ పెట్టండి.