ఎన్‌హెచ్-44 మీద కుడిచేతికి కాస్త రెస్ట్

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు బైక్ మీద వెళ్తుంటే జడ్చర్ల దాటేసరికే కుడి మణికట్టు తిమ్మిరెక్కుతుంది. క్రూజ్ కంట్రోల్ ఉంటే ఇక్కడే హాయి. 80కి సెట్ చేస్తే యాక్సిలరేటర్ పని బండే చూసుకుంటుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, ఆ తర్వాత గుత్తి కోట... చెయ్యి నొప్పి లేకుండా దాటేయొచ్చు.

అలాగని గ్రిప్ వదలొద్దు బాస్! మామూలు క్రూజ్ కంట్రోల్‌కి కళ్లుండవు. ముందు లారీ స్లో అయినా, మేకల మంద అడ్డొచ్చినా, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురైనా అదే స్పీడ్‌లో పోతుంది. బ్రేక్ నొక్కినా, క్లచ్ పట్టినా ఆఫ్ అవుతుంది కాబట్టి రెండు వేళ్లు బ్రేక్ లివర్ మీదే ఉండాలి. వాన పడుతుంటే అసలు ఆన్ చేయొద్దు.

కర్నూలులో ఆగి చాయ్ తాగండి. మణికట్టుకు రెస్ట్ దొరికింది కానీ, కళ్లకు దొరకలేదుగా!