పాతిక అడుగుల పాట

కారు కొన్న తెలుగువాడు ముందు పూజ చేయిస్తాడు, తర్వాత స్పీకర్లు మార్పిస్తాడు. అమెరికా వెళ్లినా ఈ అలవాటు పోదు. మా చిన్నాన్న కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు. ఆఫీసుకు వెళ్తూ ఇళయరాజా, తిరిగొస్తూ కీరవాణి. మధ్యలో ఉద్యోగం!

2023 వేసవిలో ఓ శనివారం వాడి కారులో ఏసీ పాడైంది. అద్దాలు దించి, పాటలు పెట్టుకుని ఇంటికి వస్తున్నారు. వెనక సీట్లో మూడేళ్ల పాప నిద్రపోతోంది. సిగ్నల్ దగ్గర పక్క లేన్‌లో ఆగిన పోలీసు కారు, పచ్చలైటు పడగానే వీళ్ల వెనకే వచ్చి ఆపింది. ఇక్కడైతే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఎదురెళ్తాం. అక్కడ దిగకూడదు. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి కూర్చోవాలి. ‘‘మీ పాట పాతిక అడుగుల అవతలికి వినిపిస్తోంది’’ అని మర్యాదగానే చెప్పి, టికెట్ రాసిచ్చాడట ఆ పోలీసాయన. మన భాషలో చలానా. వంద డాలర్లు దాటింది.

‘‘అక్కా, పాప పడుకుని ఉంటే అంత సౌండ్ ఎలా పెడతాను? నేను కట్టను, కోర్టుకెళ్తాను’’ అన్నాడు ఫోన్‌లో.

చిన్నాన్న ఒప్పుకోలేదు. ‘‘పరాయి దేశంలో పోలీసులతో పేచీ ఏంట్రా! ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. కట్టేసి వదిలెయ్’’ అన్నాడు. పిన్ని భయం వేరు. కొడుకు వీసా మీద ఉన్నాడు, కాగితాల్లో ఏం రాసేస్తారో అని.

పత్రికలో పనిచేస్తున్నందుకు ఆ చట్టం చదివిపెట్టే పని నాకు పడింది. పిన్ని బెంగ ముందు తీరింది. అది క్రిమినల్ నేరం కాదు, లైసెన్సు మీద పాయింట్లూ పడవు. అయితే ఆ పాతిక అడుగుల వెనక పెద్ద కథే ఉంది. 2007లో రిచర్డ్ కటాలనో అనే న్యాయవాదికి ఆ రాష్ట్రంలోనే ఇలాంటి టికెట్ పడింది. ఆయన వింటున్నది జస్టిన్ టింబర్‌లేక్ పాట. ఆయన ఊరుకోలేదు. కేసు పైకోర్టుల దాకా వెళ్లి, 2012 డిసెంబరులో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఎందుకో మనకు ఇట్టే అర్థమవుతుంది. వ్యాపారానికో, రాజకీయ ప్రచారానికో మైకులు పెట్టుకుని తిరిగే బళ్లకు అందులో మినహాయింపు ఉండేది. ఓటు అడిగే మైకు ఎంత అరిచినా ఫర్వాలేదు, పాట వింటే తప్పా? అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంది కోర్టు. 2022లో శాసనసభ ఆ మినహాయింపు తీసేసింది. ఆ ఏడాది జులై నుంచి చట్టం మళ్లీ అమల్లోకి వచ్చింది.

అంటే కటాలనో గెలిచిన దారి మావాడికి మూసుకుపోయింది. ఇక మిగిలింది కొలత ఒక్కటే.

30 రోజుల్లోగా డబ్బు కట్టాలి, లేదా విచారణ కోరాలి. విచారణ కోరితే తప్పు జరిగిందని సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. ఓడితే మాత్రం జరిమానా 500 డాలర్ల దాకా వెళ్లొచ్చు. మావాడు బాగా ఆలోచించే విచారణ కోరాడు.

ఆ రోజు పాప నిద్ర సంగతి వాడు ఎత్తనే లేదట. పోలీసాయన్ని ఒక్క ప్రశ్న అడిగాడు. ‘‘పాట వినిపించినప్పుడు మీరు ఎంత దూరంలో ఉన్నారు?’’ ‘‘పక్క లేన్‌లో’’ అన్నాడాయన. అక్కడ లేన్ వెడల్పు మామూలుగా 12 అడుగులు. పాతిక అడుగుల దూరం నుంచి కూడా విన్నారా అంటే, లేదన్నాడు. టికెట్ రద్దయింది.

నాకు మావాడి తెలివి కన్నా ఆ పోలీసాయన జవాబే నచ్చింది. ‘పాతిక అడుగులు’ అని చెప్పేస్తే కాదనేవాళ్లెవరు? ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు. మావాడూ చట్టాన్ని తిట్టలేదు, కొలత చూపించమన్నాడంతే. నిరూపించమని అడగడం ఎదిరించడం కాదు.

మనకూ కొలతలున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పెళ్లి ఊరేగింపులో డీజే కిటికీ అద్దాల్ని వణికిస్తుంటే ‘ఒక్క రాత్రే కదా’ అనుకుంటాం. తప్పు చలానా వస్తే ‘కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు’ అని కట్టేస్తాం. రెండు చోట్లా అడగడం మానేసేది మనమే. ఆ కొలత రాసింది పక్కింటి ముసలాయన నిద్ర కోసమూ, కారులో పాట వినేవాడి కోసమూ కదా!

మావాడు గెలిచాడని చెబితే చిన్నాన్న ముందు అడిగింది, ‘‘ఎంత మిగిలిందిరా?’’ అని. విచారణ కోసం ఒక రోజు సెలవు పోయింది, ఆ రోజు జీతం జరిమానా కన్నా ఎక్కువ!

‘‘గెలిచి ఇంటికొచ్చి ఏడవడమంటే ఇదే’’ అన్నాడు చిన్నాన్న.

‘‘ఏడవలేదు నాన్నా, పాట పెట్టుకుని వచ్చాను’’ అన్నాడు వాడు. ‘‘అద్దాలు ఎత్తే!’’