శాలిబండ హౌజు: ఎండాకాలం దాటే చేపలు

శాలిబండ గడియార స్తంభం దాటి పక్కకు తిరిగితే సందు సన్నబడుతూ పోతుంది. రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. ఆ సందులో ఒక పాత తలుపు, దానికి ఇనుప గొలుసు. గొలుసు చప్పుడు కాగానే లోపల్నుంచి పిలుపొచ్చింది: "తెరిచే ఉంది, రా తమ్మీ." జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన సార్ ఇల్లది. ఆయన పెంచే చేపల గురించి విని వచ్చాను. రంగురంగుల చేపలు కావు, నీటి అడుగున ఇసుకలో బతికే లోచ్‌లు. అద్దాల పెట్టె లేదు, హీటరు లేదు. ఆరుబయట హౌజులో, అంటే నీటి తొట్టిలో, ఏప్రిల్ ఎండలో పెంచుతున్నారు.

పాతబస్తీకి హౌజు కొత్తేం కాదు. చార్ కమాన్ నడుమ గుల్జార్ హౌజు ఉంది, మక్కా మసీదు ఆవరణలో వజూ చేసుకునే హౌజు ఉంది, చౌమహల్లా ప్యాలెస్ ముంగిట ఫౌంటెన్ల కొలను ఉంది. పాత ఇళ్లలోనూ నడిమి ముంగిట్లో చిన్న హౌజులు కట్టుకునేవారు. నల్లాలు వచ్చాక కొన్నిట్ని మట్టితో నింపి గదులు వేశారు, కొన్నిట్ని సంపులుగా మార్చారు. సార్ వాళ్ల నాయన మాత్రం ఇల్లు కొన్నప్పుడు దాన్ని ముట్టుకోలేదట. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. రెండువేల లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. ఒక గట్టున దానిమ్మ చెట్టు, ఇంకో గట్టున షాబాదు బండల అరుగు.

"పుస్తకాల్లో చల్లనీళ్ల చెరువు అని రాస్తరు. అది ఇంగ్లండుకు రాసింది, జపాన్‌కు రాసింది. మనకు కాదు" అన్నారు సార్, అరుగు మీద కూర్చోబెట్టి. అక్కడి కొలనుకు పరీక్ష చలికాలం. పైన మంచు కడితే కింద చేప బతకాలి. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరి 8న. మూడడుగుల లోతున్న హౌజు ఒక రాత్రి చలికి అంతగా చల్లారదు. అతి ఎక్కువ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. ఇక్కడ చేప ప్రాణానికి గండం మే నెలే. హౌజు కట్టినా, చేపను ఎంచినా ఆ నెలను దృష్టిలో పెట్టుకునే చేయాలంటారు ఆయన.

చేపలేవని నీళ్లలోకి వంగి చూశాను. ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. "అట్లనే చూస్తుండు" అన్నారు. కాసేపటికి ఇసుకలో ఆవగింజంత కళ్లు రెండు తేలాయి. తర్వాత మూతి, మూతి చుట్టూ మీసాలు. మీసాలు మొత్తం ఎనిమిదని సార్ చెప్పారు. వేలంత చేప, లేత గోధుమరంగు ఒళ్లు, పక్కల పొడవునా నల్లటి మచ్చల వరుస. అది ఇసుకను నోటినిండా తీసుకుని, తినేదేదో ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేసింది. సన్నటి ఇసుక రెండు చెంపల పక్కనుంచి జారడం పైనుంచే కనిపించింది. అలా రాత్రంతా జల్లెడ పడుతూనే ఉంటుందట.

ఈ ఇసుక దగ్గరే చాలామంది దెబ్బతింటారన్నారు. ఇప్పుడు నగరంలో ఏ కట్టడం దగ్గర చూసినా రోబో సాండే. అది గ్రానైటును పిండి కొట్టిన ఇసుక. గింజ గింజకూ పదునైన అంచులుంటాయి. గోడకు మంచిదే కానీ లోచ్ మీసాలను కోసేస్తుంది. మీసం తెగితే చేప తిండి వెతుక్కోలేదు, పుండుపడి చీము పడుతుంది. అందుకే నీటి ఒరిపిడికి నునుపు తేలిన వాగు ఇసుకే కావాలి. సార్ దాన్ని జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మూడంగుళాల మందాన పరిచారు. ఒక మూల షాబాదు బండ ముక్కల్ని రాళ్ల మీద ఆనించి గూళ్లు చేశారు. పగలు చేపలకు అవే ఇళ్లు.

దుకాణాల్లో లోచ్ అనే పేరుతో రకరకాల చేపలు దొరుకుతాయి. నారింజ రంగు మీద నల్లటి పట్టీలున్న క్లౌన్ లోచ్ సుమత్రా, బోర్నియో నదులది. అమ్మేటప్పుడు రెండంగుళాలే ఉంటుంది, పెరిగితే అడుగు దాకా పోతుంది. యోయో లోచ్, బెంగాల్ లోచ్ మన ఉత్తరాది నదులవి. జీబ్రా లోచ్ సహ్యాద్రి సెలయేళ్లది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎరుపు జాబితాలో అంతరించే ముప్పున్న జాతి. వీటన్నిటికీ పారే నీళ్లు, తేటనీళ్లు కావాలి. నిలవనీటి హౌజులో ఎక్కువకాలం ఆగవు.

చెరువుకు తిరుగులేని లోచ్ అని విదేశీ పుస్తకాలన్నీ చెప్పేది వెదర్ లోచ్ గురించి. చైనా, జపాన్, కొరియా పొలాల కాలువల్లో ఉంటుంది. పాతిక డిగ్రీల లోపు నీళ్లలో హాయిగా బతుకుతుంది. దాని దగ్గరి బంధువును యూరప్‌లో గాజు జాడీల్లో పెంచి, తుఫాను ముందు అది గిలగిలలాడటం చూసి వాతావరణం అంచనా వేసేవారు. సార్ కూడా మొదట ఆ రకమే తెచ్చారు. చలికాలమంతా చేతిలోంచి తిండి తిన్నాయట. మే రెండో వారంలో ఒక్కొక్కటే తేలాయి. "చేపది తప్పు కాదు. చలిదేశం దాన్ని తెచ్చి మే ఎండల నిలబెట్టిన" అన్నారు.

ఇప్పుడున్నవి మన చేపలే. కృష్ణా, గోదావరి పరీవాహకంలోని వాగుల్లో, దక్షిణ భారతమంతటా, శ్రీలంకలోనూ దొరికే చిన్న లోచ్. లెపిడోసెఫాలిక్తిస్ థెర్మాలిస్ అని శాస్త్రీయ నామం. 1846లో ఫ్రెంచి శాస్త్రవేత్త వాలెన్సియెన్ దీన్ని వర్ణించినప్పుడు ఆధారం చేసుకున్న నమూనాలు శ్రీలంకలో త్రికోణమలై దగ్గర కన్నియా వేడినీటి ఊటలవి. వేడినీటి ఊటల్లో కనిపించిన చేపకు హైదరాబాద్ ఎండ లెక్కా? వానలు తగ్గాక వాగులో వల వేసినవాళ్ల బుట్టలో పరక చేపలతో కలిసి వస్తే, వాటిని బతికుండగానే ఏరి తెచ్చుకున్నారు. ఇలాంటి చేపను పోల్చుకోవడం నిపుణుల పని. అందుకు పాతబస్తీకి దగ్గర్లోనే, అత్తాపూర్‌లో, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉంది.

మాట్లాడుతుండగానే ఒక చేప నిట్టనిలువునా పైకి లేచి, నీటి మీద ఒక గుక్క గాలి తీసుకుని, అంతే వేగంగా కిందికి దూకింది. దాని వెనక రెండు బుడగలు. అసలు కిటుకు అక్కడే ఉంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగి ఉండగలిగితే, 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. చేపకు అవసరం మాత్రం వేడిలో పెరుగుతుంది. మొప్పలకు చాలనప్పుడు లోచ్ గాలి మింగుతుంది. పేగు చివరి భాగం ఆ గాలిలోంచి ప్రాణవాయువును పీల్చుకుంటుంది, మిగిలింది వెనకనుంచి బుడగలుగా పోతుంది.

పట్నంవాళ్లకు ఇలాంటి చేప ఒకటి బాగా తెలుసు. ఇక్కడికి దగ్గర్లోని దూద్‌బౌలి బత్తిని కుటుంబం మృగశిర కార్తె నాడు ఉబ్బసం రోగులకు చేప ప్రసాదం పంచుతుంది. ఇప్పుడది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతోంది. ఆ మందు గుణం సంగతి పక్కన పెడితే, అంత జనంలో, కొద్దిపాటి నీళ్లున్న ప్లాస్టిక్ కవర్లలో కొరమీను పిల్లలు ప్రాణంతో ఉండటానికి కారణం అవీ పైగాలి పీల్చడమే. కాకపోతే కొరమీనుకు ఆ ఏర్పాటు మొప్పల పైన ఉంటుంది, లోచ్‌కు పేగులో. "గాలి పీలుస్తది కదా అని మురికి నీళ్లల్ల పెట్టొద్దు. అది ఆపదల వాడుకునే విద్య. దినాం వాడుకునేటట్టు చేస్తే చేప చిక్కిపోతది" అని సార్ హెచ్చరిక.

ఎండాకాలం పని మార్చిలోనే మొదలవుతుంది. దానిమ్మ నీడ చాలదు కాబట్టి పడమటి వైపు గ్రీన్ నెట్ కడతారు. నీటి మీద సగం మేర కలువ ఆకులు పరుచుకుంటాయి. మిగతా సగం తెరిచే ఉంచాలి, లేకపోతే గాలి తగలదు. చిన్న మోటరు ఒకటి అడుగునీళ్లను పైకి తెచ్చి సన్నటి ధారగా పోస్తుంది. రాత్రిపూట మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక చేపలకు కష్టమంతా తెల్లవారుజామునే. అందుకని మోటరు రాత్రంతా నడవాలి. వేలు పెట్టి చూశాను. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మోచేతి దాకా ముంచితే చల్లదనం తెలిసింది. లోతు తగ్గిస్తే ఈ తేడా ఉండదు.

నల్లా నీళ్లను నేరుగా పోయరు. క్లోరిన్ పోవడానికి ఒక రోజు డ్రమ్ములో నిలవ ఉంచి, వారానికోసారి ఐదో వంతు మారుస్తారు. వేసవిలో నీళ్లు ఆవిరైనకొద్దీ ఉప్పులు మిగిలిపోతాయి. కాబట్టి తగ్గిన మేరకు నింపితే సరిపోదు, కొంత తీసి కొంత పోయాలి. గచ్చు పగిలినచోట పక్క సందులోని ఉస్తాద్ సున్నంతో అతుకు వేశారు. సున్నమైనా సిమెంటైనా కొత్తగా పూస్తే నీళ్లలో క్షారం దిగుతుంది. మూడు నాలుగు వారాలు నింపడం, పారబోయడం అయ్యాకే చేపల్ని వదలాలి.

ఇంట్లో నిలవనీళ్లంటే దోమల భయం ఉంటుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన సికింద్రాబాద్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. లోచ్‌లు అడుగున తిరుగుతాయి, దోమ పిల్లలు నీటి పైపొరకు వేలాడతాయి. కాబట్టి లోచ్‌లను నమ్ముకుంటే లాభం లేదు. పైన తిరగడానికి నెత్తిమీద వెండిచుక్క ఉన్న పంచాక్స్ చేపల్ని కూడా వదిలారు. అవి కూడా మన వాగులవే.

చీకటి పడుతుండగా సార్ వాళ్లావిడ చాయ్ తెచ్చి, "ఇగ పెట్టండి, బయటికొస్తున్నయ్" అన్నారు. సార్ మునిగిపోయే రకం గింజల తిండిని పిడికెడు కూడా నిండకుండా చల్లారు. పగలు వేస్తే పైచేపలే తినేస్తాయి. మురికి కాలువల్లో పట్టి అమ్మే ఎర్రపురుగులు రోగాలు తెస్తాయని వాటి జోలికి పోరు. జబ్బు చేస్తే మందు సగం మోతాదే. లోచ్‌కు పొలుసులు చాలా సన్నవి, రాగి కలిసిన మందులు తట్టుకోలేదు. పట్టాల్సి వస్తే వల వాడరు, గిన్నెతో ముంచి తీస్తారు. కంటి కింద దాచుకున్న ముల్లు వలలో చిక్కుకుంటే చేప నలిగిపోతుంది.

హౌజు మూలన పొంగునీళ్లు పోయే గొట్టానికి చాయ్ వడపోసే స్టీలు జాలి బిగించి ఉంది. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ దక్షిణాన చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు, ఎత్తుమీదున్న ఈ సందులోకి నీళ్లు రాలేదు కానీ హౌజు పొంగింది. పారే నీటికి లోచ్ ఎదురెక్కుతుంది, చిన్న సందు దొరికినా జారుకుంటుంది. మన చేప మన వాగులో కలిస్తే పెద్ద నష్టం లేదు. అదే వెదర్ లోచ్ అయితే? ఆస్ట్రేలియాలో అక్వేరియంల నుంచి తప్పించుకుని నదుల్లో పాతుకుపోయాక 1986లో దాని దిగుమతినే నిషేధించారు. మన కాలువలన్నీ చివరికి మూసీలోకే.

హౌజు లేనివాళ్లకు సార్ చెప్పే దారి సులువైనదే. బావులకు వాడే సిమెంటు ఒర ఒకటి కొని, అడుగు పూయించి, సగం దాకా భూమిలో పాతిపెట్టాలి. భూమి చల్లదనం నీళ్లకు కాపు. నల్లటి ప్లాస్టిక్ డ్రమ్మును ఎండలో పెడితే మధ్యాహ్నానికి చేపలు ఉడికిపోతాయి. డబ్బు ముందు నీడకు, తర్వాత ఇసుకకు, మిగిలితే మోటరుకు పెట్టాలి. చేపకు అయ్యే ఖర్చు అన్నిటికన్నా తక్కువ. తేవడానికి సరైన కాలం వానలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు. అప్పుడు తెస్తే మే వచ్చేలోపు నీళ్లు కుదురుకోవడానికి, చేప ఇసుకకు అలవాటు పడటానికి ఆరేడు నెలలు దొరుకుతాయి. "ఏప్రిల్‌ల తెస్తనంటే నేను మా చేపలు ఇయ్య" అన్నారు సార్, ఖచ్చితంగా. నన్ను మాత్రం దసరా దాటాక రమ్మన్నారు, ఒర సిద్ధం చేసుకుని.