గాలం గుచ్చుకుంటే లాగకండి!

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలా ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. రాసినాయన ఒక రైతు. ఆయన కొడుక్కి పన్నెండేళ్ళు. చెరువుగట్టున గాలం వేస్తుంటే బొటనవేలిలో ముల్లు దిగిందట. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన పట్టకారుతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడట. గాలం వచ్చింది, దాంతో పాటు కాస్త కండా వచ్చింది. పైన సున్నం అద్ది గుడ్డ కట్టారు. నాలుగో రోజుకి వేలు వాచి చీము పట్టింది. "ఏం మందు రాయమంటారు డాక్టరుగారూ?" అని ఆయన ప్రశ్న.

ఈ పత్రిక చేతికందే దాకా ఆగే విషయం కాదు గనుక ఆ రోజే ఆయనకు విడిగా జాబు రాశాను. పైన రాసే మందుతో పోయేది కాదిది, అబ్బాయిని వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళి చీము తీయించండి, ధనుర్వాతం ఇంజెక్షను వేయించండి అని. మిగతా సంగతి మీ అందరికీ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

"డాక్టరుకి గాలం సంగతేం తెలుసు?" అనుకునేరు. నాకు గాలం పిచ్చి ఉంది సుమా! 1998లో కృష్ణా డెల్టాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. సాయంత్రం ఓపీ అయిపోయాక చేసే పనేమీ ఉండేది కాదు. ఊరి చెరువుకి కాపలా ఉండే తాత నాకు గురువయ్యాడు. నీడన ఆరబెట్టిన 12 అడుగుల వెదురు గెడ, నైలాన్ తాడు, జీలుగ బెండు, చిన్న సీసపు గుండు, చివర గాలం. అంతే సామగ్రి. ఆ సీసపు గుండుని తాడుకి పంటితో నొక్కి బిగించడం చాలామందికి అలవాటు. అది మానేయండి. సీసం ఒంట్లోకి చేరితే విషం. పట్టకారు వాడండి.

మన చెరువుల్లో ఏ చేప ఎక్కడ మేస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగంలో తిరుగుతుంది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. బంగారుతీగ కూడా అడుగు బురదని కెలుకుతుంది. దాని మూతి దగ్గరున్న నాలుగు మీసాలు రుచి చూడటానికే. కాబట్టి ముందు సీసపు గుండుతో లోతు కొలిచి, ఏ చేప కావాలో దాన్ని బట్టి బెండుని తాడు మీద పైకో కిందికో జరపాలి.

ఎర సంగతికొస్తే, శీలావతికి తవుడు, వేరుశెనగ చెక్క కలిపి, విడిపోకుండా కాస్త మైదా వేసి పిసికిన ముద్ద పెట్టేవాణ్ణి. వాసనకి వేయించిన మెంతుల పొడి చిటికెడు. అడుగున మేసేవాటికి ఎర్రలు. పేడదిబ్బ పక్కన తవ్వితే కావలసినన్ని దొరుకుతాయి. ఆ పేడమట్టి డబ్బాని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికొస్తాను.

ఈ చేపల దవడలకి పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. ఎరని నోటితో పీల్చి, అనుమానమొస్తే ఉమ్మేస్తాయి. అంచేత బెండు కొంచెం ఆడగానే గుంజకూడదు. మునిగినప్పుడో, అడుగు చేప ఎరని పైకెత్తి బెండు పక్కకి వాలినప్పుడో మణికట్టుతో చిన్నగా ఎత్తితే చాలు. ఇంకో ముచ్చట. మన చెవి లోపల మూడు బుల్లి ఎముకలు శబ్దాన్ని చేరవేసినట్టే, ఈ జాతి చేపలకి కడుపులోని గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. గట్టు మీద మీరు కాలు దబ్బుమని వేస్తే వాటికి తెలుస్తుంది. "నోరు మూసుకుని కూచోండి బాబూ" అని తాత నన్ను కసిరేవాడు. శరీరశాస్త్రం చదవకుండానే ఆయనకది తెలుసు.

ఇక గాలం. దాని మొన పక్కన వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. ముందుకి సులువుగా దిగుతుంది, వెనక్కి రాదు. వెనక్కి రాకూడదనే దాన్ని అలా చేశారు. చేప మూతికీ మన వేలికీ దానికి తేడా తెలియదు. బలవంతంగా గుంజితే దారిలో ఉన్న కండనీ, నరాన్నీ చీల్చుకుంటూ వస్తుంది. ఈ మాట నేను ఆస్పత్రిలో ఎందరికో చెప్పాను. నా దాకా వచ్చేసరికి మరిచిపోయాను.

2004లో వేసవి సెలవులకి మా అక్కయ్య కొడుకు వచ్చాడు. వాడికప్పుడు పదకొండేళ్ళు. నేను కొత్తగా రీలున్న గాలం కొన్నాను. దాన్ని వాడికి చూపించాలని ఉబలాటం. గట్టు మీద నిలబడి, వెనక్కి చూడకుండా గెడని భుజం మీదుగా తిప్పి విసిరాను. తాడు ముందుకి పోలేదు. వెనకనుంచి "మావయ్యా!" అని కేక వినిపించింది. గాలం వాడి కుడి కంటి పైరెప్పలో దిగింది.

అప్పటికి ఎనిమిదేళ్ళుగా డాక్టరుగా ఉన్నాను. అయినా నా చెయ్యి తిన్నగా గాలం మీదికే పోయింది. పీకెయ్యాలనిపించింది. తాత వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "లాగమాకండి బాబూ! చేప మూతే చీలుద్ది గదా, పసోడి కంటి కాడ లాగుతారా?" అన్నాడు. నాకప్పుడు తెలివొచ్చింది.

కత్తితో తాడు కోసేశాను. టీ తాగే కాగితపు గ్లాసుని సగానికి కత్తిరించి, గాలానికి తగలకుండా కంటి మీద బోర్లించి ప్లాస్టరు వేశాను. రెండు కళ్ళూ మూసుకోమన్నాను. ఒక కన్ను కదిలితే రెండోది కూడా కదులుతుంది గనుక. వాడు దాహమన్నా నీళ్ళివ్వలేదు. మత్తు ఇవ్వవలసి రావచ్చు. కారులో గంట ప్రయాణం. పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు మత్తిచ్చి తీశారు. కంటి నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన పొర మందం సుమారు అర మిల్లీమీటరు. దాని మీద గీత పడింది గాని తెగలేదు. రాత్రికి మా అక్కయ్య వచ్చి పిల్లాడి పక్కన కూర్చుంది. నన్నొక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

ఇప్పుడు మీరు చేయవలసింది చెబుతాను.

వేలికో చేతికో గాలం గుచ్చుకుంటే లాగకండి. తాడు కోసేయండి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. చుట్టూ సబ్బుతో, మంచినీళ్ళతో కడిగి, గాలం కదలకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టి ఆస్పత్రికి వెళ్ళండి. సున్నం, కాఫీపొడి, పసుపు, కిరసనాయిలు ఏవీ పెట్టకండి. డాక్టరు తిమ్మిరి ఇంజెక్షనిచ్చి, చాలాసార్లు గాలాన్ని వెనక్కి కాక ముందుకే తోసి మొన బయటికి తెస్తారు. ముల్లుని కత్తిరించాక మిగిలింది నొప్పి లేకుండా వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు గాయం చిన్నదే కదా అని ఊరుకోకూడదు. కంటి దగ్గరైతే ఎవరూ, డాక్టరైనా సరే, గట్టు మీద ముట్టుకోకూడదు. కంటి ఆస్పత్రికే వెళ్ళాలి.

ఇక ఆ ఎర్రల డబ్బా. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని మనవాళ్ళ నమ్మకం. తుప్పు కాదు, మట్టిలో, పేడలో ఉండే క్రిమి వల్ల వస్తుంది. ఎర్రని గుచ్చిన గాలం తళతళలాడే కొత్తదైనా ఆ క్రిమిని మోసుకురావచ్చు. జబ్బు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. దవడ బిగుసుకుపోవడం తొలి గుర్తు. ఇంజెక్షన్లు పూర్తిగా వేయించుకున్నవారు కూడా, ఆఖరి మోతాదు తీసుకుని 5 ఏళ్ళు దాటితే, ఇలాంటి మట్టి గాయానికి మళ్ళీ ఒకటి వేయించుకోవాలి. ఎప్పుడూ వేయించుకోనివారు ఆ సంగతి డాక్టరుతో తప్పక చెప్పండి, వారికి దాంతో పాటు వేరే మందు కూడా అవసరం కావచ్చు. "24 గంటలు దాటిపోయింది, ఇక దండగ" అనుకోకండి. ఆలస్యమైనా వేయించుకోవలసిందే.

ఇవన్నీ రాకుండా చూసుకోవడం మేలు. నేను 2004 నుంచి కొత్త గాలం కొనగానే పట్టకారుతో దాని ముల్లుని నొక్కి చదును చేస్తున్నాను. తాడు బిగువు వదలకుండా ఉంటే చేప తప్పించుకోదు. ఒకటీ అరా తప్పించుకున్నా పోయిందేమీ లేదు. రీలుతో విసిరేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. విసిరేముందు ప్రతిసారీ వెనక్కి చూడండి.

మా మేనల్లుడికి చూపు బాగానే ఉంది. రెప్ప మీద సన్నని మచ్చ మిగిలింది. వాడు కనిపించినప్పుడల్లా నా కళ్ళు ముందు దాని మీదికే పోతాయి.

ఉత్తరం రాసిన రైతుగారికి చివరి మాట. అబ్బాయి వేలు మానాక వాడిచేత గాలం మాన్పించకండి. చెరువుగట్టున ఓపిగ్గా కూర్చోవడం మంచి అలవాటే. చెరువు పాట పాడుకున్నవారిని అడిగి పంపండి. వెళ్ళేటప్పుడు వాడి చేతికో పట్టకారు ఇవ్వండి. గుచ్చుకున్నది గుంజడానికి కాదు, ముల్లుని ముందే నొక్కడానికి.