మంచం ఒకటి, మనుషులు ఐదుగురు

మా అనంతపురం వైపు నిలువ నీడ లేక ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో చాలామందికి ఊళ్లో ఇల్లుంది. దానికి తాళం వేసి వచ్చారు. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ వేల ఇళ్లు కట్టించింది, ప్రభుత్వ కాలనీలూ వచ్చాయి. గోడలున్నాయి గానీ ఆ గోడల మధ్య ఏడాది పొడుగునా బతకడానికి నీళ్లు లేవు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. శెనక్కాయ ఊడలు దిగే వేళకు చినుకు లేకపోతే కాయ కట్టదు. విత్తనాలకు తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. కదిరి వైపు నుంచి కేరళకు, మడకశిర, కళ్యాణదుర్గం వైపు నుంచి బెంగుళూరుకు బస్సెక్కుతారు. రాష్ట్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటాక వాళ్ల ఇల్లంటే, ఎవరికో కడుతున్న మేడ పక్కన కట్టుకున్న నీలం పట్ట. పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదలగలిగినవాళ్లు వదులుతారు. అవ్వకే చూపు ఆనకపోతే పిల్లలూ వెంట పోవాల్సిందే.

ఈ వలసను ఆపాలన్న ఆశతో మొదలైన ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఇంటికి వంద రోజుల పని అన్నది అప్పటి హామీ. దాని వల్ల ఊళ్లోనే నిలబడిన ఇళ్లు నాకు తెలుసు. కూలి డబ్బు ఖాతాలో పడేదాకా ఆగలేకపోయిన ఇళ్లూ తెలుసు. నా ఓపీకి వచ్చేది ఎక్కువగా ఆ రెండో రకం వాళ్లే.

ఆనవాళ్లు మార్చి ఒక కుటుంబం సంగతి చెబుతాను. పద్నాలుగు నెలల బిడ్డ. దండ చుట్టుకొలత 10.8 సెంటీమీటర్లు. 11.5 కన్నా తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపమని లెక్క. ఇలాంటి బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చి, తల్లిని పక్కనే ఉంచి, రెండు మూడు గంటలకోసారి కొలిచి పాలు పట్టాలి. రెండు వారాల పని. తల్లికి భోజనం ఉంటుంది, పోయిన కూలికి కొంత పరిహారమూ ఉంటుంది. ఇంత చక్కటి ఏర్పాటులోనూ మంచం ఇద్దరికే. ఆ కుటుంబంలో ఉన్నది ఐదుగురు. రాత్రి ఆడవాళ్ల వార్డులో మగవాళ్లు ఉండకూడదు కాబట్టి తండ్రి ఏడేళ్ల కూతురినీ నాలుగేళ్ల కొడుకునీ తీసుకుని బస్టాండుకు పోయేవాడు. నాలుగో రోజు తల్లి డిశ్చార్జి చీటీ రాసిమ్మంది.

“ఇంకో పది రోజులు ఉండమ్మా, బిడ్డ ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది” అన్నాను.

“ఎట్లుండేది సార్? పెద్దపాప బస్టాండులో పండుకుంటాంది. ఆడబిడ్డ. వాళ్ల నాయనకు నిద్ర పడితే ఎవురు చూస్తారు?”

ఇలా వెళ్లిపోయే తల్లుల కేసు షీటు మీద, వైద్యుల సలహా వినకుండా వెళ్లారని రాస్తాం. ఆమె అన్నీ విన్నది. ముగ్గురు బిడ్డల్లో ఎవరికి ఎక్కువ ప్రమాదమో తూచి చూసుకున్నది కూడా. ఆ తూకంలో తప్పేమీ నాకు కనిపించలేదు.

ఆమె వెళ్లేలోపే మా నర్సమ్మ చొరవ తీసుకుని, రోగుల బంధువులుండే షెడ్డులో ఒక మూల తండ్రికీ పిల్లలకూ చోటిప్పించింది. మధ్యాహ్నం భోజనం కూడా కుదిర్చింది. అంతవరకూ కదలని బరువు ఆ వారంలో కదిలింది. పాలు మార్చలేదు, మందు మార్చలేదు. అంతకుముందు తల్లి తన కంచంలో అన్నం పెద్దపిల్లలకు పెట్టేది, బిడ్డకు కొలిచిచ్చిన పాలలో రెండు గుక్కలు నాలుగేళ్లవాడికి పోసేది. ఆకలితో ఎదురుగా కూర్చున్న కొడుక్కి పెట్టకుండా ఏ తల్లి ఉంటుంది?

బిడ్డకు వైద్యమంటే ఇంటిల్లిపాదికీ వైద్యమన్నది గజ్జి విషయంలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు పూసుకోవాలి, వారం తర్వాత మళ్లీ పూసుకోవాలి, గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. ఐదుగురికీ ఒకే దుప్పటి, ట్యాంకరు వస్తేనే నీళ్లు ఉన్నచోట ఒక్క బిడ్డకు ట్యూబు రాసిచ్చి పంపితే పది రోజుల్లో తిరిగొస్తుంది. అందుకని ఐదుగురికీ మందు ఒకేసారి ఇచ్చి పంపుతాం. వేడినీళ్లు దొరకవంటే, ఒక జత గుడ్డలు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పాటు ముట్టుకోవద్దని చెబుతాం. ఒంటి మీద నుంచి దిగిన పురుగు కొద్ది రోజులకే చస్తుంది.

మళ్లీ చోటు సంగతికొస్తే, నగరాల్లో లక్ష జనాభాకొక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పథకంలో కుటుంబాలకు వేరే ఆశ్రయాల మాటా ఉంది. నేను చూసినవి మాత్రం మగవాళ్లకొక హాలు, ఆడవాళ్లకొక హాలు. అందులో భార్యాభర్తలు, పసిపిల్లలు కలిసి పడుకునే చోటేది? పిల్లల వార్డున్న ప్రతి పెద్దాసుపత్రి ఆవరణలో గడియ పెట్టుకునే నాలుగు గదులు, ఒక కొళాయి, ఒక పొయ్యి కావాలని అడిగే ప్రతిచోటా అడుగుతున్నాను. అది మా వైద్యంలో భాగమే.

బెంగుళూరు పోయినవాళ్లకు అక్కడా హక్కులున్నాయి. యాభైమందికి పైగా ఆడవాళ్లు పనిచేసే కట్టడం దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి చట్టం చెప్పింది. మావాళ్లు ఎక్కువగా ఉండేది చిన్న సైట్లలో, అక్కడ ఆ నిబంధన వర్తించలేదు. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న రేషను కార్డుతో బియ్యం అక్కడే తీసుకోవచ్చు, ఊళ్లో అవ్వ కోసం కొంత వదిలిపెట్టనూ వచ్చు. వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. టీకా కార్డు తాళం వేసిన ఇంట్లో ఉండిపోయిందన్నా టీకా ఆపకూడదు. ఇవన్నీ నేను మందుచీటీతో పాటే చెబుతాను, తండ్రిని కూడా లోపలికి పిలిచి చెబుతాను. ఏ సైటుకు పోవాలో నిర్ణయించేది చాలాసార్లు ఆయనే.

డిశ్చార్జి అయిన బిడ్డను పదిహేను రోజులకోసారి తూకానికి తీసుకురావాలి. బెంగుళూరులోని యలహంక నుంచి ఒక రోజు కూలి, ఐదుగురి బస్సు ఛార్జీలు వదులుకుని ఎవరొస్తారు? మడకశిర నుంచి వచ్చిన మా సిస్టరు ఒకామెకు కన్నడం వచ్చు. ఆమె అక్కడి అంగన్‌వాడీ టీచరుకు కన్నడంలో ఒక చీటీ రాసిస్తుంది. బిడ్డ బరువెంత, తర్వాత వేయవలసిన టీకా ఏది, ఎన్ని రోజులకు తూచాలి. దాని కింద అన్నదమ్ముల, అక్కాచెల్లెళ్ల పేర్లు, వయసులు కూడా రాయమంటాను. రాయకపోతే అక్కడ ఒక్క బిడ్డ చేతిలోనే గుడ్డు పెడతారు. ఆ ఒక్క గుడ్డునూ తల్లి మూడు ముక్కలు చేస్తుంది.