కారు మెరిస్తే చాలదు... కదలాలి!

మన పాత సినిమాల్లో కారుకి టైటిల్స్‌లో పేరు పడదు గాని, అదీ ఓ పాత్రే! జమీందారు ఎంతటివాడో ఆయన డైలాగు చెప్పకముందే పోర్టికోలో ఆగిన కారు చెప్పేసేది. హీరోయిన్ గారి కారు నడిరోడ్డు మీద మొరాయిస్తే గాని హీరోకి ప్రేమించే అవకాశం దొరికేది కాదు. 'తోడికోడళ్ళు' (1957)లో కారులో తిరిగే అమ్మాయి మీద ఏకంగా ఓ పాటే పెట్టారు. ఇక తెర బయట సావిత్రిగారికి కార్లన్నా, స్వయంగా స్టీరింగు పట్టడమన్నా ఎంత సరదాయో పాతతరం వారికి నేను చెప్పక్కర్లేదు.

అలాంటి కార్లకి ఇప్పుడు మళ్లీ మంచిరోజులొచ్చాయి. మనకి 'భూకైలాస్' (1958) అందించిన ఏవీఎం వారు చెన్నై వడపళనిలోని తమ స్టూడియోలో 2023లో హెరిటేజ్ మ్యూజియం తెరిచి, పాత కార్లని పెళ్లికూతుళ్లలా ముస్తాబు చేసి నిలబెట్టారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటి బండి! చూసిన కళ్లు చూసినట్టే ఉండిపోతాయి. అయితే తమాషా ఏమిటంటే, ఆ మహారాజ వాహనం పుట్టి బుద్ధెరిగిన తర్వాత తిరిగింది నాలుగువందల మైళ్లు కూడా లేదంటారు!

అంత దూరం మా నాన్నగారి కారు నెలన్నరలో తిరిగేసేది.

నాన్నగారు గుడివాడ దగ్గర ఓ సినిమా హాలుకి మేనేజరు. 1974లో ఎనిమిది వేలు పోసి సెకండ్ హ్యాండ్ స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నారు. ఆ రోజుల్లో కారంటే మూడే పేర్లు – అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. కొత్తది కావాలంటే డబ్బుంటే చాలదు, ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక కూడా ఉండాలి. మద్రాసు శివారులో వండలూరు దగ్గర తయారైన ఈ హెరాల్డ్‌ది ఓ వింత సొగసు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా ముక్కు మీదికి ఒరిగిపోయేది. ఇంజనూ, రెండు చక్రాలూ బట్టబయలు! మా మెకానిక్ మేస్త్రీ దర్జాగా ముందు టైరు మీదే కూర్చుని పని చేసుకునేవాడు.

ఆ మేస్త్రీ చదువు మూడో క్లాసు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, "బాబుగారూ, రెండో సిలిండరు అలిగింది" అనేవాడు. ప్లాటినం పాయింట్ల మధ్య సందుని సిగరెట్ పెట్టె అట్టముక్కతో కొలిచేవాడు. ఆ కొలతకి తిరుగులేదు.

గురువారం రాత్రయితే నాన్నగారు విజయవాడ గాంధీనగరం వెళ్లి కొత్త సినిమా బాక్సు వేసుకొచ్చేవారు. ఓసారి పెద్ద వాన. కంకిపాడు దాటాక రోడ్డు మీద నీళ్లు పొంగి, ఇంజను తడిసి బండి ఆగిపోయింది. తెల్లారితే రిలీజు! బాక్సు రాకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారు. కబురందుకున్న మేస్త్రీ లారీ పట్టుకుని వచ్చి, డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, తన పొడి తువ్వాలుతో తుడిచి, వైర్లు ఆరబెట్టి స్టార్ట్ చేశాడు. మార్నింగ్ షో టైముకే పడింది. ఆనాటి నుంచి మా హాల్లో మేస్త్రీకి టిక్కెట్టు లేదు!

1981లో అక్కయ్య పెళ్లి కుదిరింది. హెరాల్డ్ అమ్మేశారు. ఆ పొద్దున నాన్నగారు తడిగుడ్డ పెట్టి బండంతా తుడిచారు గాని, పెదవి విప్పలేదు. కొన్నాయనకి మేస్త్రీయే అన్నీ అప్పజెప్పాడు. "చలికాలం చోక్ ఇంతే లాగండి బాబూ, ఎక్కువ లాగితే ఉక్కిరిబిక్కిరవుతుంది" అంటుంటే అతని గొంతు జీరబోయింది. మా ఇంట్లో ఆ నెల రెండు అప్పగింతలు జరిగాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... పాత కారుకి రంగు వేయించడం డబ్బుతో అయ్యే పని. దాని గుండె చప్పుడు వినే చెవి డబ్బుకి దొరకదు. ఫియట్ పద్మిని 2001 నాటికి, అంబాసిడర్ 2014లో ఆగిపోయాయి. నేటి కుర్ర మెకానిక్ కంప్యూటర్ తగిలించి జబ్బు చెబుతాడు. తప్పేం లేదు, నేటి బండ్లు అలాంటివి. కానీ కార్బురేటర్ బండికి కంప్యూటర్ ఎక్కడ తగిలిస్తాడు? ఆటోనగర్లలో ఆ విద్య తెలిసినవాళ్లకి వయసు మీదపడింది. కొడుకులు వేరే దారి చూసుకున్నారు.

పైగా నిలబెట్టిన బండి నిలబడే చచ్చిపోతుంది. పెట్రోలు జిగురుకట్టి కార్బురేటర్ పూడుకుపోతుంది, రబ్బరు బీటలు వారుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. అద్దంలా మెరుస్తూనే లోపల శవమవుతుంది.

అందుకే, షెడ్డులో తాతగారి కారు ఉన్న అదృష్టవంతులకి ఒక్క మనవి. ముసలి మేస్త్రీని ఇంటికి పిలవండి. పక్కన ఓ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఆ పని నేర్పించండి. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని పదిమైళ్లు తిప్పండి. స్టార్ట్ కాలేదా? దిగి తొయ్యమనండి! మా తరానికి జబ్బల్లో బలం వచ్చింది వ్యాయామశాలలో కాదు మరి!