తార్నాకలో చింతపిక్కల పోకర్

తార్నాక మెట్రో దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిస్తే ఏ చెట్టు కింద చూసినా పుస్తకం పట్టుకున్న మనిషే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి భవనం ముందు సెల్ఫీలు దిగేవాళ్లు ఒకవైపు, గ్రూప్స్ చదివేవాళ్లు ఇంకోవైపు. నా ఉద్యోగం హైటెక్ సిటీలో. ఆదివారం మాత్రం ఇటే వస్తా. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఇంకా తార్నాకలో రూమ్ తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నాడు.

రూమ్‌లో పోకర్ ఆడతాం. డబ్బుల్లేవు, చింతపిక్కలే. ఇందులో రెండు లెక్కలున్నాయి.

ఒకటి, పాట్ ఆడ్స్. మధ్యలో కుప్ప, అంటే పాట్, 400 పిక్కలు. అవతలివాడు ఇంకో 100 వేశాడు. మీరు 100 పెడితే 500 రావచ్చు. ఆరింట ఒకసారి గెలిచినా నష్టం లేదు. మీకు నాలుగు ఆఠీన్లు పడ్డాయి, ఐదోది వస్తే ఫ్లష్. తెరవాల్సింది ఒక్క ముక్కే. కనపడని 46 ముక్కల్లో 9 ఆఠీన్లు. దాదాపు ఐదింట ఒకటి. ధైర్యంగా పెట్టొచ్చు. అదే కుప్పలో 100 ఉండి, వాడు 100 వేస్తే? మూడింట ఒకసారి గెలవాలి. ముక్కలు పడేయడమే మేలు.

రెండోది, రేంజ్. వాడి చేతిలో ఫలానా ముక్కే ఉందని ఫిక్సవకూడదు. ఏయే ముక్కలతో ఇలా ఆడతాడో అన్నీ అనుకుని, ఒక్కో పందేనికీ కొన్ని కొట్టేస్తూ పోవాలి. రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవడం లాంటిదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అన్నది ఆ జ్ఞాపకశక్తిని చూసే.

మొన్న చాయ్ తాగుతూ అడిగాడు: "ఇంకో ఏడాది కూర్చోవాలా, ఉద్యోగం చూసుకోవాలా? నీ లెక్క చెప్పరా."

చెప్పాను. 2024 గ్రూప్-1లో 563 పోస్టులకు 4 లక్షలకు పైగా దరఖాస్తులు. అంటే 700 మందికి ఒకటి. కానీ రేంజ్ తగ్గించు. మెయిన్స్‌కి వెళ్లింది 31 వేల మంది, అందులో నువ్వున్నావు. ఇప్పుడు 55 మందికి ఒకటి. గడిచిన ఏళ్లు కుప్పలో పడ్డ పిక్కలు, ఇక నీవి కావు. పెట్టబోయే ఏడాది గురించే ఆలోచించు.

వాడు నవ్వాడు. "2022 నోటిఫికేషన్‌కి ప్రిలిమ్స్ రెండుసార్లు రాశాం. ఒకటి పేపర్ లీకుతో పోయింది, ఇంకోటి హైకోర్టు తీర్పుతో. ఆట మధ్యలో పేకే లాగేసుకుంటే నీ పాట్ ఆడ్స్ ఏమంటాయిరా?"

ఏమీ అనవు. ఆట చివరిదాకా సాగుతుందన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలబడింది. పైగా పోకర్‌లో ఇలాంటి పందెం వెయ్యిసార్లు వస్తుంది. వయసుకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే వాడు పిక్కలన్నీ ఒకేసారి తోసెయ్యలేదు. పొద్దున చదువు, సాయంత్రం ట్యూషన్లు. ఇంకొక్క నోటిఫికేషన్, ఆ తర్వాత లేచిపోవడమే.

మీ ఇంట్లోనూ ఇలా చదువుతున్నవాళ్లు ఉంటే "ఇంకెన్నాళ్లు?" అని గుచ్చకండి. "ఈసారి ఎంత పెడుతున్నావ్, ఎక్కడ ఆపుతావ్?" అని అడగండి. దానికైతే వాళ్ల దగ్గర జవాబుంటుంది.